మన సీమను చిత్రించినవారు

మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన సందర్భమున వెలువడు ఈ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఏ విషయమును గూర్చి వ్రాయుదునా యని ఆలోచించుచు చదువుగదిలో కూర్చుండగా ఎదుటి గోడమీది పటము నా కంటబడినది. మనలో ప్రతివారును దానిని చూచియే యుందురు. కంభము చెరువు కట్టమీద ఏడుగురు మనుష్యులు నిలువబడి యున్నారు. వారి వెనుక కొండల వరుస, ఆ కొండల నడుమ నీరు. ఒకరి చేత గొడుగు, వేరొకరి భుజమున కంబళి. గ్రంథాలయము తెరచిన తొలియేట ఎవరో దాత ఇచ్చిన పటమది.

లెక్కలు వ్రాయు అలవాటు గలవాడను గావున పటమును క్రిందికి దింపి మొదట వెనుకవైపు త్రిప్పి చూచితిని. తేదీ లేదు, పేర్లు లేవు, తీసినవారి గుర్తును లేదు. ఆ ఏడుగురు ఎవరో, ఏ యూరివారో, ఏ పనిమీద ఆ కట్టకు పోయిరో చెప్పగలవారు ఇప్పుడు మన యూరిలో లేరు. పెద్దలను నలుగురిని అడిగితిని. నలుగురును నాలుగు పేర్లు చెప్పిరి. తేదీలేని పద్దు లెక్కలో చెల్లదు. ఆ పటము కంటికి ఇంపుగా నున్నను చరిత్రలో అట్లే చెల్లని పద్దుగా నిలిచిపోయినది. మన సీమను పూర్వము ఎవరెవరు ఏయే విధముల చిత్రించిరి, ఆ చిత్రములవలన కలిగిన మేలేమి, ఇప్పుడు మనము చేయదగినదేమి యని విచారించుటకు ఆ తెల్లని అట్టయే నన్ను పురికొల్పినది.

మాటలతో చూపిన కాలము

దూరదేశములను చూడవలెనను కోరిక మనకు క్రొత్తది కాదు. అల్లసాని పెద్దనామాత్యుని మనుచరిత్రమును చదివినవారికి ప్రవరుడు గుర్తుండును. అగ్నిహోత్రమును విడిచి ఇల్లు కదలలేని ఆ గృహస్థు, తన యింటికి వచ్చిన యాత్రికులనెల్ల ఏయే దేశములు చూచితిరి, ఏయే తీర్థములాడితిరి యని అడిగి తెలిసికొనుచుండెను. తుదకు ఒక సిద్ధుడిచ్చిన పాదలేపమును పూసికొని హిమాలయమునకు పోయెను. మంచునకు ఆ లేపము కరగిపోయిన పిమ్మట అతడు పడిన పాట్లు లోకవిదితములే. ఛాయాచిత్రము మనకు కరగని పాదలేపము వంటిది. కూర్చున్నచోటనే కాశీని, హంపీని, తాజమహలును చూపును, చూచి తలయెత్తినంతనే మన యింటనే విడిచిపెట్టును.

ఛాయాచిత్రము పుట్టకముందు యాత్రికుడు చూచినదెల్ల మాటలలోనే ఇల్లు చేరవలెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. దారిలో కడప, అహోబిలము, మహానంది సేవించి, ఆత్మకూరు వైపునుండి నల్లమల యెక్కి శ్రీశైలమును దర్శించిరి. తాము చూచిన మజిలీలను, దారులను, జనుల నడవడిని మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి ఎప్పటికప్పుడు వ్రాసి పంపిరి. ఆ జాబులే కాశీయాత్రచరిత్రమై 1838లో అచ్చుపడినవి. తేదీతోను, ఊరి పేరుతోను కూడిన వ్రాత గావుననే దానిని నేటికిని మనము ప్రమాణముగా గైకొనుచున్నాము.

అంతకుముందే మన పల్లెలను గూర్చి వ్రాయించిన మహనీయుడు కర్నల్ కాలిన్ మెకంజీ. ఆయన 1783లో మన దేశమునకు వచ్చిన ఇంజనీరు, భూములను కొలుచు ఉద్యోగి. ఏలూరికి చెందిన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆయనకు కుడిభుజములైరి. వారును, వారి అనుచరులును ఊరూర తిరిగి దేవాలయముల శాసనములకు నకళ్లు వ్రాసికొని, కరణముల యొద్దనున్న కవిలెలను చదివించి, పెద్దల నోటి మాటలను వినిరి. అట్లు పుట్టినవే గ్రామ కైఫీయతులు. ఊరి పేరు ఎట్లు వచ్చినది, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడికి మాన్యమెంత, ఎవరి ప్రభుత్వములో ఏ మార్పు జరిగినది అను విషయములు అందుండును. పిదప చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర వానిలో అనేకములకు ప్రతులు వ్రాయించి శిథిలము కాకుండ కాపాడెను. కరణముల కవిలెలు పెక్కు చెదలకును, చినుకులకును పోయినవి. కైఫీయతులోనికి ఎక్కిన మేరకు మాత్రమే వాని సారము దక్కినది.

కుంచెయు, కొలబద్దయు

ఆ కాలముననే ఇంగ్లండునుండి తామస్ డేనియల్, అతని అన్నకొడుకు విలియం డేనియల్ అను చిత్రకారులిరువురు వచ్చిరి. 1792, 1793 సంవత్సరములలో వారు దక్షిణదేశమున తమిళసీమవఱకు తిరిగి కోటలను, గోపురములను, జలపాతములను చిత్రించిరి. 1795 మొదలు 1808 వఱకు వెలువడిన వారి ప్రాచ్యదృశ్య సంపుటములలో 144 చిత్రములు కలవు. వాని అందము చెప్పనలవికాదు. సీమలో వానిని చూచినవారెల్ల హిందూదేశమనగా శిథిలమైన మండపము, మఱ్ఱిచెట్టు, దూరమున కొండ అని భావించిరి.

మెకంజీ చిత్రింపించిన పద్ధతి వేరు. ఆయనకు సొగసుకంటె కొలత ముఖ్యము. 1794లో ఆయన శ్రీశైలమునకు పోయి చూచిన సంగతులు 1798లో ఆసియాటిక్ రీసెర్చెస్ అను పత్రిక 5వ సంపుటములో అచ్చైనవి. 1797 ప్రాంతమున ధరణికోట వద్ద దిబ్బలో బయటపడిన అమరావతీ స్తూపపు శిల్పములను గూర్చి విని చూడబోయెను. 1816లో మఱల చిత్రకారులతో పోయి ఒక్కొక్క రాతిని కొలిచి గీయించెను. ఈ నడుమ జనులు ఆ రాళ్లను పెళ్లగించి కట్టడములకు వాడుకొనిరి, కొన్ని సున్నపుబట్టీలకు పోయినవి. మెకంజీ చిత్రములలో కనబడు రాళ్లలో కొన్ని నేడు ఎచ్చటను లేవు. రాయి పోయినను కాగితము నిలిచినది.

డేనియల్ చిత్రములను చూచి మనము ఆనందింతుము. మెకంజీ చిత్రములను చూచి మనము తెలిసికొందుము. యాత్రలో చిత్రము తీయువాడు ఈ రెండింటిలో దేనినైనను కోరవచ్చును. సొగసును మాత్రమే కోరినచో కొంత పోవునని మాత్రము మఱవరాదు.

వెలుతురు వ్రాసిన పటములు

హంపీకి పోయినవారు విరూపాక్షస్వామి ఆలయమున ఒక వింతను చూచియుందురు. చీకటిగదిలో గోడకుగల చిన్న రంధ్రమునుండి వెలుతురు దూరి, ఎదుటి గోడమీద రాజగోపురపు నీడను తలక్రిందులుగా చూపును. ఛాయాచిత్ర యంత్రములోని మర్మమంతయు అదియే. చీకటిపెట్టెకు ఒక రంధ్రము చేసి, రంధ్రమునకు అద్దమమర్చినచో బయటి లోకము పెట్టెలోపల తలక్రిందులై నిలుచును. డేనియల్ చిత్రకారులును అట్టి చీకటిపెట్టెను వాడి గీతలు దిద్దుకొనెడివారు. ఆ నీడను చెరగకుండ నిలుపుట యెట్లు అనునదే మిగిలిన సమస్య. వెలుతురు తగిలిన వెండి లవణములు నల్లబడునను ధర్మమును ఆధారము చేసికొని, ఫ్రాన్సులో డాగేరును, ఇంగ్లండులో టాల్బటును కనిపెట్టిన విధానములు 1839లో లోకమునకు వెల్లడియైనవి.

ఆ విద్య మన దేశమునకు త్వరలోనే చేరినది. చెన్నపట్టణమున 1856లో ఛాయాచిత్రకారుల సంఘము ఏర్పడినది. ఆ సంవత్సరమే ప్రభుత్వమువారు లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగిని తమ ఛాయాచిత్రకారునిగా నియమించిరి. ఆయన 1857 డిసెంబరులో ఎడ్లబండ్లమీద పెట్టెలను, మందుసీసాలను ఎక్కించుకొని బయలుదేరి శ్రీరంగము, తిరుచిరాపల్లి, మధుర, తంజావూరు మున్నగు పట్టణములను చిత్రించెను. మైనము పట్టించిన కాగితముమీద వెండి లవణము పూసి, దానిని పెట్టెలోనుంచి, వెలుతురు చూపి, పిదప మందునీటిలో కడిగి నిలుపవలెను. ఎండకు మైనము కరగును, దుమ్మునకు కాగితము చెడును. అట్టి యిబ్బందుల నడుమ తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానముచుట్టు గల శాసనములను ముక్కముక్కగా తీసి, 21 చిత్రములను అతికి దాదాపు 19 అడుగుల పొడవుగల ఒకే పటముగా కూర్చెను. కైఫీయతుకారులు చేతితో వ్రాసికొన్న పనినే వెలుతురుచేత వ్రాయించినాడన్నమాట.

ఆయన చేసిన మఱియొక పని మనకు మిక్కిలి దగ్గఱది. సర్ వాల్టర్ ఇలియటు 1845లో అమరావతిలో త్రవ్వించి చెన్నపట్టణమునకు చేర్చిన శిల్పములను ట్రైప్ 1858లో ఛాయాచిత్రములు తీసెను. మరుసటి యేట ఆ శిల్పములు ఓడకెక్కి లండను చేరినవి. అవి నేడు బ్రిటిషు మ్యూజియములో నున్నవి. మన నేలమీద అవి ఉండగా తీసిన సాక్ష్యము ఆ పటములే. అయినను ఈ పని ఎక్కువ కాలము సాగలేదు. వ్యయము హెచ్చని తలచి, గవర్నరు ట్రెవెల్యను కాలమున ప్రభుత్వము ఆ యేర్పాటును మాన్పించెను. పదిరూపాయల లెక్క చూచి నూరుసంవత్సరముల సాక్ష్యమును వదలుకొనుట ప్రభుత్వములకు నాడును కొత్తకాదు.

1856లోనే అలెగ్జాండర్ గ్రీన్‌లా అను సేనాధికారి హంపీ శిథిలములను పెద్దపెద్ద కాగితపు నెగెటివులమీద చిత్రించెను. 1980లలో జాన్ గోలింగ్సు అను ఆస్ట్రేలియా దేశపు ఛాయాచిత్రకారుడు వచ్చి, గ్రీన్‌లా నిలిచిన చోటులను వెదకి, అక్కడనే నిలిచి మఱల చిత్రములు తీసెను. రెంటిని ప్రక్కప్రక్క నుంచి చూచినప్పుడు ఏ స్తంభము పడినది, ఏ శిఖరము విరిగినది, ఏ గోడను తిరిగి కట్టిరి అనునది వివరముగా తెలియుచున్నది. పాత పటమున తీసిన చోటు తెలియును గనుకనే ఈ పరీక్ష సాధ్యమైనది. చోటు తెలియని పటమునకు జంటపటము తీయుట ఎవరితరము?

మన తెలుగుసీమలో ఈ విద్యకు వన్నెతెచ్చినవాడు రాజా దీన్ దయాళు. 1844లో మీరటు దగ్గర సర్దానాలో పుట్టి, ఇందూరులో ప్రభుత్వ నిర్మాణపు పనుల శాఖలో నక్షాలు గీయు ఉద్యోగము చేయుచు ఛాయాచిత్రకళను నేర్చి, ఆరవ నిజాముగారి ఆస్థానమున ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పెను. 1905లో కీర్తిశేషుడగువఱకు కోటలను, రాజప్రాసాదములను, దర్బారులను, వేటలను, కరవుపనులలోని కూలీలను సైతము ఆయన చిత్రించెను. నాటి హైదరాబాదును నేడు మనము కన్నులార చూడగలుగుట ఆయన పుణ్యము.

పాత పటములలో మనుష్యులు తక్కువగా కనబడుదురు. కారణము సామాన్యమే. నాటి యంత్రమునకు చాలసేపు వెలుతురు కావలెను. కదలని రాయి నిలిచెడిది, కదలు మనిషి చెదరిపోయెడివాడు. అందువలన మన నల్లమల చిత్రములలో చాలకాలము కొండలే కాని కొండవారు లేరు. 1940లో ఫ్యూరర్-హైమెండార్ఫ్ అను పండితుడు కృష్ణకు ఆవలనున్న నిజాము రాష్ట్రపు నల్లమలలో చెంచులతో నివసించి, వారి గుడిసెలను, విల్లంబులను, తేనె తీయు విధమును చిత్రించి 1943లో గ్రంథము ప్రకటించెను. కొండను చూపువాడు కొండలో బ్రతుకువానిని కూడ చూపవలెననుటకు ఆ గ్రంథము నిదర్శనము.

మన ప్రాంతమున చూడదగినవి

ఈ పెద్దపట్టణముల ముచ్చట విన్నవారు, మన మెట్టసీమలో చిత్రింపదగినది ఏమున్నదని తలపవచ్చును. మన మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు 1800లో కంపెనీవారికి దత్తమండలములలో భాగముగా చేరి, 1858 పిదప కర్నూలు జిల్లాలో నుండి, 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడినప్పుడు దానిలో కలిసినవి. జిల్లాలు మారుచుండుటచే మన సీమ ఎవరికిని నట్టిల్లు కాలేదు, ఎప్పుడును పెరటి దొడ్డియే యైనది. 1882లో రాబర్టు సూయలు చెన్నరాజధానిలోని పురాతన కట్టడముల పట్టికను ప్రకటించినపుడు మన తాలూకాల గుళ్లును అందు చేరినవి. పట్టికలో పేరుండుట వేరు, పటములో రూపముండుట వేరు.

త్రిపురాంతకమును శ్రీశైలమునకు తూర్పు ద్వారమందురు. కొండమీద త్రిపురాంతకేశ్వరుడు, క్రింద చెరువు నడుమ బాలాత్రిపురసుందరి. అచ్చట కాకతీయుల కాలపు శాసనములు పెక్కు కలవు. రాచర్ల దాపున సత్యవోలులో రామలింగేశ్వర, భీమలింగేశ్వరాలయములు బాదామి చాళుక్యుల శైలిలో ఆలంపురపు గుళ్లకు చెల్లెండ్రవలె నిలిచియున్నవి. భైరవకోనలో కొండను తొలిచిన ఎనిమిది గుహాలయములును, వానకాలపు జలపాతమును ఒక్కచోటనే కనబడును. మార్కాపురపు చెన్నకేశవుని గుడిలో విజయనగరపు శిల్పుల చేతిపనిని చూచినవారు ఊరక కదలలేరు.

కంభము చెరువు మాట చెప్పనక్కఱలేదు. గుండ్లకమ్మ కొండల నడుమ ఇఱుకున పాఱుచోట అడ్డముగా చిన్నకట్ట వేసి, దానితో సముద్రము వంటి నీటిని నిలిపిన ఆ పూర్వుల యుక్తికి జోహారు. శ్రీకృష్ణదేవరాయల దేవేరియు, గజపతి కుమార్తెయు నగు వరదరాజమ్మ కట్టించెనని జనశ్రుతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనిని వారసత్వపు కట్టడముగా గుర్తించినది. మన గోడమీది పటములోని ఏడుగురు నిలిచినది ఆ కట్టమీదనే.

1880లలో నల్లమలను తొలిచి నంద్యాల, గిద్దలూరుల నడుమ వేసిన మీటరు గేజి రైలుదారిమీద దొరబావి లోయను దాటు వంతెన యుండెడిది. ఎత్తయిన ఆ వంతెనమీద బండి మెల్లగా పోవుచుండగా పిల్లలు కిటికీలకు అంటుకొని లోయలోనికి చూచి కేకలు వేయుట నాకు గుర్తు. 1990లలో పెద్ద గేజి వేసినపుడు దారి మళ్లినది, ఆ వంతెనమీద రైలు ఆగిపోయినది. వంద సంవత్సరములకు పైగా లక్షలమంది దానిమీద పయనించిరి. వారిలో ఎందఱి యిండ్లలో దాని పటమున్నదో లెక్కించిన వ్రేళ్లు మిగులును.

చందవరపు కథ

పటమువలన లాభమేమి యని అడుగువారికి చందవరపు కథ చాలును. గుండ్లకమ్మ తీరమున దొనకొండ దగ్గఱనున్న ఆ యూరి బౌద్ధస్తూపమును 1964లో వేలూరి వేంకటకృష్ణశాస్త్రిగారు గుర్తించిరి. 1972 మొదలు 1977 వఱకు త్రవ్వకములు జరిగినవి. అమరావతీ సంప్రదాయపు సున్నపురాతి శిల్పములు బయటపడినవి. వానిని అచ్చటనే భద్రపఱచిరి. పిదప దొంగలు పడిరి. బుద్ధుని ఆరాధించువారిని చూపు ఒక ఫలకము చేతులుమారి సముద్రములు దాటినది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలవారు దానిని న్యూయార్కు వర్తకురాలి యొద్ద కొనిరి.

అది మాదని మనము చెప్పుకొన్నంతమాత్రమున ఎవరు నమ్ముదురు? రాతికి నోరులేదు. ఆ ఫలకము మన దేశముననే యుండినదని చూపు ఛాయాచిత్రము సాక్ష్యముగా నిలిచినది. 2016లో ఆ చిత్రశాలవారు ఫలకమును మన దేశమునకు అప్పగించిరి. ఎవరో ఒకరు ఒకనాడు ఆ రాతియెదుట నిలిచి ఒక పటము తీసి, అది ఏ యూరిదో వ్రాసి భద్రపఱచుటచేత ఇంతపని జరిగినది. ఆ పటమునకు వెనుక అట్ట తెల్లగా నుండినచో న్యాయస్థానమున ఎట్లు నిలుచును?

తిరునాళ్ల తెరలు

మన పల్లెవారికి ఛాయాచిత్రము మొదట తిరునాళ్లలో పరిచయమైనది. గుడారములో ఒక తెర, తెరమీద రంగులతో వ్రాసిన తాజమహలో, చార్మినారో, పూలతోటయో. క్రొత్తదంపతులు దానియెదుట కుర్చీలలో బిగుసుకొని కూర్చుండెడివారు. ఆగ్రాకు పోని వారు ఆగ్రాకు పోయినట్లు ఇంట గోడమీద పటము వ్రేలాడెడిది. నవ్వుకొనవలసినది లేదు. ప్రవరుని కోరికయే అది. కాని నాకొక చింత. తెర వెనుక అసలు గుడి యుండెను, కోనేరు, రథము, కొండయు నుండెను. తెరను తీసివేసి వారిని అసలు గుడియెదుట నిలిపియున్నచో నేడు మనకెంత చరిత్ర దక్కియుండెడిది!

ఒక పట్టణమున పూర్వము పేరుమోసిన ఒక చిత్రశాల యుండెను. పేరు చెప్పనక్కఱలేదు. నలుబది యేండ్లు చుట్టుపట్ల పెండ్లిండ్లు, ఉత్సవములు, చెరువుగండ్లు, పంచాయతి సభలు అన్నియు అచ్చటి గాజుపలకలమీద నుండెను. యజమాని పోయిన పిమ్మట వారసులు పలకలను కడిగించి గాజునకు గాజుగా అమ్మిరి. నేను అడుగబోవునాటికి అటకమీద దుమ్ముమాత్రమే మిగిలియున్నది. మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. ఎన్నెన్ని జిల్లాల పిల్లలు వానిమీద అక్షరములు దిద్దిరి. పిల్లవాడు పలకను తుడిచినచో మఱల వ్రాసికొనును. ఆ గాజుపలకలను తుడిచిన పిమ్మట వ్రాయువారు ఎవరు?

ఇప్పుడు ప్రతివారి చేతిలోను యంత్రమున్నది. చరవాణితో దినమునకు నూరు చిత్రములు తీయుచున్నాము. ఫోను నీటబడినను, పాడైనను, మార్చినను ఆ నూరును ఒక్కమారు పోవుచున్నవి. పూర్వము పటములు తక్కువై చరిత్ర దక్కలేదు. ఇప్పుడు మితిమీరినను అట్లే యగునేమో యని భయము.

మునుగబోవు ఊళ్లు

నాగార్జునకొండ లోయను 1926లో గుర్తించిరి. సాగరము కట్టవలసివచ్చినపుడు 1954 మొదలు 1960 వఱకు లోయనంతయు త్రవ్వి, కొలిచి, చిత్రించి, కొన్ని కట్టడములను పైకి చేర్చిరి. లోయ మునిగినను విజయపురి ఎట్లుండెనో తెలియుటకు ఆ కష్టమే కారణము. శ్రీశైలపు జలాశయమున అనేక గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి ఆలంపురమున నిలిపిరి. గుడి దక్కినది. మునిగిన ఇండ్లను, రచ్చబండలను, బావిగట్లను ఎవరు చిత్రించి యుంచిరి?

ఆ ప్రశ్న ఇప్పుడు మన గుమ్మములోనే నిలిచియున్నది. పూల సుబ్బయ్యగారి పేర వెలసిన వెలిగొండ ప్రాజెక్టు మన మెట్టకు ప్రాణాధారము. శ్రీశైలపు నీటిని కొండక్రింద దాదాపు 18.8 కిలోమీటర్ల సొరంగములగుండ దోర్నాల వైపునకు తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలను మూసి నల్లమలసాగరమున నిలుపవలెనని ఏర్పాటు. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన పల్లెలు ఆ నీటికై ఒక తరము కాచుకొన్నవి. నీరు రాకూడదని కోరువారు మనలో ఎవరును లేరు. కాని ఆ సాగరమునకై సుంకేసుల, కలనూతల, గుండంచెర్ల, గొట్టిపడియ, చింతలముడిపి, కాటంరాజు తండా మున్నగు 11 గ్రామములు తమ నేలను ఇయ్యవలసినవైనవి. మనకు నీరు వచ్చుట వారు ఊరు విడుచుటవలన.

ఉత్తరరామచరితమున మొదటి అంకమున చిత్రదర్శనమను ఘట్టమున్నది. లక్ష్మణుడు తమ వనవాసపు కథను గోడమీద చిత్రింపజేసి సీతారాములకు చూపును. పంచవటిని చూచి సీత కంటనీరు పెట్టును, ఆ యడవులను మఱల చూడవలెనని కోరును. కష్టపడిన చోటే యైనను బ్రతికిన చోటు గనుక ఆమెకు ఆ కోరిక కలిగినది. మునిగిన యూరివారికి మఱల చూచుటకు పంచవటి లేదు. పటమైనను ఉండవలదా?

పటము ఊరిని నిలుపదు. ఆ మాట ఒప్పుకొనవలెను. పరిహారమునకు బదులుగా పటమునిచ్చుటయు న్యాయముకాదు. కాని ఆ యూరి పిల్లవాడు పెరిగి పెద్దవాడై, మీ తాత యిల్లు ఎచ్చటనుండెనని తన కొడుకు అడిగినప్పుడు, నీటివంక వ్రేలు చూపుటతో ఆగిపోకుండ, మన గ్రంథాలయమునకు వచ్చి ఒక పుస్తకము తెఱచి చూపగలిగినచో మనము త్రాగు నీటికి కొంత ఋణము తీరినట్లగును.

మన కర్తవ్యము

కావున కార్యవర్గమువారికి నా విన్నపమిది. ఈ రజతోత్సవ సంవత్సరమున మన గ్రంథాలయమున ఒక చిత్రకవిలెను తెరువవలెను. పెద్ద ఖర్చు లేదు. ఒక దళసరి చిట్టా, కొన్ని అట్టలు, పటములను కాగితముమీద అచ్చువేయించుటకు కొంత సొమ్ము చాలును. కవిలెకు చేరు ప్రతి పటము వెనుకను ఆరు సంగతులు వ్రాయవలెను. తీసిన తేదీ, ఊరు, తీసినవాడు నిలిచిన చోటు, అతడు చూచిన దిక్కు, పటములోని వారి పేర్లు, పటమునిచ్చినవారి పేరు. తెలియని గడిని ఖాళీగా విడువవలెనే గాని ఊహించి నింపరాదు. ఫోనులోని పటమునకును ఇదే నియమము.

మొదట మునుగబోవు ఊళ్లకు పోవుదము. గుడితోపాటు గడపను, గడపతోపాటు దానిమీద కూర్చున్న అవ్వను చిత్రింతము. అవ్వను అడిగియే తీయుదము, తీసినదానిలో ఒక ప్రతి ఆమెకే ముందుగా ఇత్తము. పిదప త్రిపురాంతకము, సత్యవోలు, భైరవకోన శిల్పములను ఒక్కొక్కటిగా చిత్రింతము. చందవరపు ఫలకమువలె రేపు ఏది సాక్ష్యము చెప్పవలసివచ్చునో ఎవరెఱుగుదురు? పాఠశాలలో చదువుకొనుచున్న బాలబాలికలు ఈ పనికి తగినవారు. యంత్రము వారికి తెలియును, పేర్లు పెద్దలకు తెలియును. ఇరువురును కలిసి కూర్చుండుటకు గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు.

ఈ వ్యాసము ముగించి మన గోడమీది పటమును మఱల యథాస్థానమున తగిలించితిని. దాని వెనుక పెన్సిలుతో ఇట్లు వ్రాసితిని: కంభము చెరువు కట్ట. ఏడుగురు. పేర్లు తెలియవు. తీసిన కాలము తెలియదు. ఈ సంచికను చదివినవారిలో ఎవరికైనను ఆ గొడుగు పట్టిన పెద్దమనిషి తమ తాతయని తోచినచో దయయుంచి వచ్చి చెప్పగోరెదను. చిట్టాలో మొదటి పద్దు వారిదే యగును.

స్వస్తి.